రెండు బీరువాల డాక్టరు

ఆయుర్వేదాన్నీ ఆక్యుపంక్చర్‌నీ ఇంగ్లీషు వైద్యంతో కలిపి ఒకే ఆస్పత్రిలో అందించడం కొత్త ఆలోచన అని ఈమధ్య పేపర్లో తరచూ రాస్తున్నారు. ఈ మాట మా కృష్ణా జిల్లా పాతకాపులు వింటే నవ్వుతారు. ఎస్సెస్సెల్సీ తర్వాత చదివించే స్తోమత ఇంట్లో లేక, 1963లో నేను ఉంగుటూరులో కాంపౌండరుగా కుదురుకునేనాటికే ఆ కలయికకు తల నెరిసిపోయింది.

మా డాక్టరు గారి బోర్డు మీద పేరు కింద ‘ఎల్.ఐ.ఎం. (మద్రాసు)’ అని ఉండేది. లైసెన్షియేట్ ఇన్ ఇండియన్ మెడిసిన్ అని దాని అర్థం. ఊళ్లోవాళ్లకు ఆ అక్షరాలతో పనిలేదు. కొందరికి ఆయన డాక్టరు గారు, కొందరికి ఆచారి గారు. ఆయన మెడలో స్టెతస్కోపు, చేతివేళ్ల కింద రోగి నాడి. ముందుగదిలో రెండు టేకు బీరువాలు. ఎడమదాంట్లో సోడా బైకార్బ్, పొటాషియం సిట్రేట్, సల్ఫా మాత్రలు, పెన్సిలిన్ బుడ్లు, ఎమిటీన్ ఆంపూళ్లు. కుడిదాంట్లో పింగాణీ జాడీలు: కుటజారిష్టం, హింగ్వాష్టక చూర్ణం, సితోపలాది, త్రిఫల, రెండు మూడు రకాల లేహ్యాలు. రెండింటి తాళాలూ నా మొలతాడుకే.

మా ఊరికి కింద వైపు వరి మాగాణి. తేలప్రోలు దాటి ఉత్తరానికి వెళ్తే నూజివీడు మెరక, కనుచూపుమేర మామిడి. రోగులు రెండు వైపుల నుంచీ వచ్చేవాళ్లు. మాగాణి నుంచి బోదకాళ్లు, చలిజ్వరాలు. తోటల నుంచి పాముకాట్లు, చెట్టు మీంచి పడ్డవాళ్లు, కాయలు కోసేటప్పుడు సొన చిమ్మి మొహం కాలినవాళ్లు, చిన్నరసాలు మితిమీరి తిని వళ్లంతా సెగ్గడ్డలు లేచిన పిల్లకాయలు.

ఈ ఎల్.ఐ.ఎం. చదువు ఎక్కణ్ణుంచి వచ్చిందో చెప్పాలంటే మద్రాసు వెళ్లాలి. 1918లో అక్కడి ప్రభుత్వం డాక్టర్ కోమన్ అనే ఆయనకు దేశవాళీ మందుల్ని పరీక్షించే పని అప్పజెప్పింది. ఆయన నివేదిక ఆయుర్వేదాన్ని బాగా చులకన చేసింది. ఇంగ్లీషు ఆస్పత్రి గజంతో కొలిచి, మా మందు పొట్టిదంటే ఎలా అని వైద్యులు మండిపడ్డారు. అప్పటికి ఆ పట్నంలో ఆయుర్వేదానికి పెద్దదిక్కు పండిత దీవి గోపాలాచార్యులు. బందరులో పుట్టిన మనిషి. ప్లేగు రోజుల్లో హైమాది పానకం, శతధౌత ఘృతం అనే మందులతో పేరు తెచ్చుకున్నారు. శతధౌత ఘృతమంటే వందసార్లు నీళ్లలో కడిగిన నెయ్యి. నేనూ చేశాను. ముప్ఫై నలభై కడుగుళ్లకే భుజం పడిపోతుంది. నెయ్యి మాత్రం వెన్నపూసలా తెల్లబడి, వాసన పోయి, కాలిన చర్మం మీద చల్లగా కూర్చుంటుంది. సొన కాలిన మొహాలకు మా దగ్గర అదే మందు.

గోపాలాచార్యులు 1920లో పోయారు. కోమన్ నివేదిక రేపిన గొడవ మాత్రం పోలేదు. 1921లో మహమ్మద్ ఉస్మాన్ అధ్యక్షుడుగా ఒక కమిటీ వేశారు. కార్యదర్శి కెప్టెన్ జి. శ్రీనివాసమూర్తి. ఇంగ్లీషు వైద్యం చదివి, సైన్యంలో పనిచేసి, సంస్కృత గ్రంథాలు ఔపోసన పట్టినవాడు. 1923లో కమిటీ నివేదిక ఇచ్చింది. అప్పటి ముఖ్యమంత్రి పానగల్లు రాజా మన తెలుగువాడే. సంస్కృతం చదువుకున్న జమీందారు, ఆయుర్వేదమంటే ప్రాణం. కిల్పాకులో ఆయనకు చెందిన హైడ్ పార్క్ గార్డెన్స్‌లోనే 1925లో ప్రభుత్వ ఇండియన్ మెడిసిన్ స్కూలు పెట్టారు. శ్రీనివాసమూర్తే ప్రిన్సిపాలు. ఆయుర్వేదం, సిద్ధ, యునానీ మూడూ చెప్పేవాళ్లు. ఏది చదివినా శవాన్ని కోయాల్సిందే, పురుళ్లు పోయడం నేర్చుకోవాల్సిందే, మైక్రోస్కోపులో కళ్లు పెట్టాల్సిందే. మా డాక్టరు గారు అందులో చదివింది 1930ల్లో. బ్రాహ్మల పిల్లలు కొందరు శవాల గదిలోంచి వచ్చి బావి దగ్గర బిందెలకు బిందెలు తలమీద గుమ్మరించుకునేవాళ్లని, తానూ అందులో ఒకణ్ణని చెప్పి నవ్వేవారు.

ఆ స్కూలుకు ముందే ఈ బాట తొక్కినవారు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి. మద్రాసు మెడికల్ కాలేజీలో పట్టా పుచ్చుకుని, తర్వాత గోపాలాచార్యుల దగ్గర శిష్యుడిగా కూర్చున్నారు. డాక్టరు పట్టా జేబులో ఉండి వైద్యుడి ముందు బాసిపట్లు వేసుక్కూర్చోవడం ఆ రోజుల్లో చిన్న విషయం కాదు. ఇప్పుడైనా ఎవరు కూర్చుంటారు? లక్ష్మీపతి గారు నడిపిన ఆయుర్వేద కాలేజీలో శరీరశాస్త్రం చెప్పడానికి ఒక యువకుడు చేరాడు. పేరు యల్లాప్రగడ సుబ్బారావు, పుట్టింది భీమవరం. ఖద్దరు కట్టి ఇంగ్లీషు ప్రొఫెసరుకు కంటగింపై, పూర్తి ఎం.బి.బి.ఎస్. దక్కక ఎల్.ఎం.ఎస్.తో బయటపడ్డవాడు. ఇద్దరు అన్నదమ్ముల్ని స్ప్రూ అనే పేగుల జబ్బు తీసుకుపోయింది. అదే జబ్బు తనకూ పట్టుకుంటే లక్ష్మీపతి గారి ఆయుర్వేద మందుతో తేరుకున్నాడు. 1922లో అమెరికా వెళ్లిపోయాడు. 1945లో లెడర్లీ ప్రయోగశాలలో ఆయన బృందం ఫోలిక్ ఆసిడ్ తయారుచేసింది. స్ప్రూకు పనిచేసే మందు అది.

సుబ్బారావును ఆయుర్వేదం బతికించింది కాబట్టి ఆయుర్వేదమే గొప్పదని ఒకరు, చివరికి ఆయన కనిపెట్టింది ఇంగ్లీషు మందే కదా అని ఇంకొకరు వాదించడం విన్నాను. మా డాక్టరు గారు ఈ వాదంలోకి దిగేవారు కాదు. ఎడమ బీరువాలోంచి హెట్రజాన్ మాత్రల డబ్బా తీసి చూపించేవారు. బోదకాలు జ్వరానికి అప్పట్లో మాకున్నది అదొక్కటే. అదీ సుబ్బారావు బృందం చలవే. “మా స్కూలు పుట్టకముందే మా దారిన పోయినవాడు” అనేవారు, కాస్త గర్వంగానే.

మందులు కలిసిపోవడం డిగ్రీలకంటే ముందే మొదలైంది. పామర్రు వైపు ఎలకుర్రులో పుట్టిన కాశీనాథుని నాగేశ్వరరావు గారు 1893లోనే బొంబాయిలో అమృతాంజనం తీశారు. కర్పూరం, పుదీనా పువ్వు కలిసిన ఆ పసుపు లేపనాన్ని నాటుమందని ఎవరూ అనలేదు, ఇంగ్లీషు మందనీ అనలేదు. ఆ డబ్బుతోనే ఆంధ్రపత్రిక నడిచింది. మా ఎడమ బీరువాలో ఉన్న కార్మినేటివ్ మిక్చర్ సంగతి మరీ విచిత్రం. అజీర్ణానికి జిల్లా అంతా తాగిన ఎర్రమందు అది. అందులో ఏముంది? ఏలకుల టింక్చర్, అల్లం టింక్చర్, సోడా, పుదీనా నీళ్లు. మన మలబారు ఏలకులే ఓడెక్కి లండన్ వెళ్లి, లాటిన్ పేరు తగిలించుకుని తిరిగొచ్చాయి. ఇక ఎరుపు సంగతి. ఏలకుల టింక్చర్‌లో రంగు కోసం కాకినీల్ అనే పురుగుల పొడి వేసేవాళ్లు. శాకాహారులెందరో ఆ సీసాలు తాగారు. డాక్టరు గారు ఎవరికీ చెప్పలేదు, నన్నూ చెప్పనివ్వలేదు.

మిక్చర్ కలపడం ఒక ఎత్తు, సీసాకు పట్టీ అంటించడం ఇంకో ఎత్తు. సీసా రోగి ఇంటి నుంచే తెచ్చుకోవాలి. సన్నటి కాగితం ముక్కను పొడుగునా మడిచి, అంచు మీద కత్తెరతో వారగా కోసి విప్పితే పళ్లు పళ్లుగా వస్తుంది. ఒక్కో పన్ను ఒక్కో మోతాదు. దాన్ని మైదా జిగురుతో సీసాకు నిలువుగా అంటిస్తే, చదువురాని మనిషి కూడా ఎంత తాగాలో చూసి తాగేవాడు. అదే పట్టీని మేం కషాయం సీసాకూ అంటించేవాళ్లం. ఆయుర్వేద మందుకు ‘కాస్త’, ‘కొంచెం’ అనే కొలతలు మా గదిలో నడవలేదు. ఆ స్కూలు ఆయనకు నేర్పిన వాటిల్లో నేను గొప్పగా లెక్కేసేది ఇదే.

అసలు కలయిక ఎలా ఉండేదో చెప్పాలంటే విరేచనాల సంగతి చెప్పాలి. తొలకరికి ముందు నీళ్లు చెడి, మామిడిపళ్ల మీద ఈగలు ముసిరే రోజుల్లో జిగట విరేచనాలు ఊరిని ఊడ్చేసేవి. ముందు ఉప్పేసిన గంజి. ఇది ఏ బీరువాలోదీ కాదు. నెత్తురు పడుతుంటే ఎమిటీన్ సూది. అది ఇచ్చినన్నాళ్లూ రోగి మంచం దిగకూడదు, గుండెకు చేటు. కూలికి పోకపోతే పొయ్యి వెలగని మనిషిని మంచం మీద పడుకోబెట్టడం ఎవరి తరం? అందుకని సూదులు తగ్గించి ఆపేసి, ఆ పైన కుటజారిష్టం మీద నడిపేవారు. చిన్నపిల్లలకైతే మామిడి జీడి ఎండబెట్టి దంచిన పొడి, మజ్జిగలో. ఏది ఎక్కడ మొదలెట్టాలి, ఏది ఎక్కడ ఆపాలి అన్నదే ఆయన వైద్యం.

కుటజారిష్టం మేమే కాచేవాళ్లం. కొడిశపాల చెక్క నూజివీడు అవతలి అడవుల నుంచి మోపులుగా వచ్చేది. దాంతోపాటు అంకుడు చెక్క కూడా కలిపి అమ్మేసేవాళ్లు. చూపుకు రెండూ ఒక్కలాగే ఉంటాయి. డాక్టరు గారు ప్రతి మోపులోంచీ రెండు మూడు ముక్కలు తీసి నాకిచ్చి నమలమనేవారు. గొంతుదాకా చేదు పాకితే కొడిశపాల, పాకకపోతే మోపు వెనక్కి. చెక్కను కాచి, వడగట్టి, బెల్లం, ద్రాక్ష, ఇప్పపువ్వు, ఆరెపువ్వు వేసి కుండకు మూతి కట్టి గడ్డివామిలో పాతిపెట్టేవాళ్లం. ఆరెపువ్వు పులియబెడుతుంది. పులుస్తున్నన్నాళ్లూ కుండకు చెవి ఆనిస్తే సన్నగా చిటపటలు వినిపిస్తాయి. మూత తీసి వెలిగించిన అగ్గిపుల్ల లోపల పెడితే ఠక్కున ఆరిపోతుంది. చప్పుడు ఆగి, పుల్ల ఆరకుండా వెలిగిందంటే మందు తయారైనట్టు. ఇదే కొడిశపాల మీద 1920ల్లో కలకత్తా ట్రాపికల్ మెడిసిన్ స్కూల్లో రామ్‌నాథ్ చోప్రా గారి బృందం పరిశోధనలు చేసింది. ఎడమ బీరువాలోని ఎమిటీన్ మాత్రం ఆకాశంలోంచి ఊడిపడిందా? అదీ బ్రెజిల్ అడవుల్లోని ఒక వేరు నుంచి తీసిందే.

ఈ రెండింటి కథనూ ముగించింది మెట్రోనిడజోల్. ఆ చిన్న మాత్ర వచ్చాక రెండు బీరువాల్లోనూ విరేచనాల అర ఒకేసారి ఖాళీ అయింది. డాక్టరు గారు ఏమీ బాధపడలేదు. కుండలు కడిగి బోర్లించమన్నారు.

రెండు బీరువాలూ కలిసినా చేతకానివి ఉండేవి. అప్పుడే పొలాల్లోకి ఎండ్రిన్ వచ్చింది. పురుగుకు కొట్టాల్సిన మందు మనుషులు తాగేవాళ్లు. అప్పులపాలైనవాళ్లూ, అత్తింటి కోడళ్లూ. కడుపు కడిగి, ఏ బండి దొరికితే ఆ బండిలో బెజవాడ పంపేయడమే. కడుపులో కుడివైపు కింద నొప్పి అంటే చెయ్యి పెట్టి చూసి, ఒక్క చుక్క మందు ఇవ్వకుండా పంపేసేవారు. “ఆపరేషన్ కేసుకు మందిస్తే నేను వైద్యుణ్ణి కాదు, హంతకుణ్ణి” అనేవారు. పాముకాటుకు పసరు పోయిస్తామని మంత్రగాడి దగ్గర కూర్చుని ఆలస్యం చేసినవాళ్లను తిట్టని తిట్టు లేదు.

అందరూ ఆయనలాంటివాళ్లేనా అంటే కాదు. జనానికి కావాల్సింది సూది. “డాక్టరు గారూ, ఓ సూది పొడిచి ఆ లేహ్యం కూడా కాస్త పెట్టండి బాబూ, రెండూ పడితే ఏదో ఒకటి పన్జేస్తది” అనేవాళ్లు. సూదే పొడిస్తే రూపాయి వస్తుందని తెలిశాక కుడి బీరువా తాళం తీయడం మానేసిన ఎల్.ఐ.ఎం.లూ ఉన్నారు. ఆ పక్కనే, ఏ చదువూ లేకుండా రెండేళ్లు ఎవరి దగ్గరో సంచి మోసి బోర్డు కట్టినవాళ్లూ బయల్దేరారు.

సూదుల విషయం ఇంకొంచెం చెప్పాలి. గాజు సిరంజి ఒకటి, సూదులు నాలుగైదు. స్పిరిట్ పొయ్యి మీద స్టీలు పళ్లెంలో మరగబెట్టడం నా పని. మొద్దుబారిన సూదిని సానరాయి మీద అరగదీసి మళ్లీ వాడేవాళ్లం. మా గదిలో గడియారం చూసి మరగబెట్టేవాళ్లం. చాలాచోట్ల వేడినీళ్లలో ఒక ముంచు ముంచి, ఒకరికి పొడిచింది ఇంకొకరికి పొడిచేవాళ్లు. నెత్తురులో దాక్కుని సూది మీద ప్రయాణం చేసే కామెర్ల వైరస్ ఒకటుందని అప్పటికి పల్లెలకు తెలియదు. హెపటైటిస్ బి జాడను పట్టిన బ్లంబర్గ్‌కు నోబెల్ బహుమతి వచ్చింది 1976లో.

ఆ కామెర్లకు జనం వాడింది నేలఉసిరి. పొలంగట్ల మీద జానెడెత్తు మొక్క, ఆకు వెనక ఆవగింజంత కాయలు. నూరి మజ్జిగలో ఇచ్చి, ఉప్పూ నూనే మాన్పించేవాళ్లు. దాన్ని మద్రాసులో త్యాగరాజన్ బృందం గుళికల్లో పోసి, నెలరోజులు హెపటైటిస్ బి ఉన్నవాళ్లకు ఇచ్చి చూసింది. కొందరికి అసలు మొక్క, కొందరికి ఉత్త పొడి. బ్లంబర్గ్ కూడా ఆ పనిలో భాగస్వామి. 1988లో లాన్సెట్ పత్రికలో ఫలితం అచ్చయింది. మొక్క తిన్న 37 మందిలో 22 మందికి వైరస్ గుర్తు పోయింది, ఉత్త పొడి తిన్న 23 మందిలో ఒక్కరికే పోయింది. దేశమంతా పొంగిపోయింది. తర్వాత వేరేచోట్ల అదే పని చేస్తే ఆ ఫలితం రాలేదు. కాలేయానికి అసలేమీ చేయదని తేల్చలేదు గానీ వైరస్‌ను పోగొడుతుందన్న మాట నిలబడలేదు. మొదటి వార్త తెలిసినంతగా రెండో వార్త మా వైపు ఎవరికీ తెలియదు. నేలఉసిరి పొడి డబ్బాల మీద ఇప్పటికీ మొదటి వార్తే ఉంటుంది.

లెక్క పెట్టడం అనే పనే మా రెండు బీరువాల గదిలో జరగలేదు. ఆయన దినచర్య పుస్తకాలు నేను రాసినవే. తేదీ, రోగి పేరు, ఊరు, ఏ మిక్చర్, ఏ చూర్ణం, ఎంత బాకీ. ధాన్యం రూపంలో ఇస్తే ఎన్ని కుంచాలు, మామిడిపళ్లు తెస్తే ఎన్ని డజన్లు, అన్నీ ఉంటాయి. తగ్గిందా లేదా అన్నది ఏ పుటలోనూ లేదు. ఎమిటీన్ తర్వాత కుటజారిష్టం పడ్డవాళ్లకూ, పడనివాళ్లకూ తేడా ఏమిటో ఆయనకు తెలుసు, ఆ తెలివి ఆయన వేళ్లలో ఉంది. 1925 నుంచి జిల్లా జిల్లాకూ పాకిన ఎల్.ఐ.ఎం.లు తమ తమ గదుల్లో రెండు వైద్యాలూ కలిపి చూసింది ఎవరూ ఒకచోట పోగుచేయలేదు. కోమన్ తప్పుగా కొలిచాడని కోపగించుకున్నవాళ్లు సరిగా కొలిచి చూపించి ఉంటే ఆ కాలేజీ కథ ఇంకోలా నడిచేదని నా నమ్మకం.

అది నడిచిన తీరు ఇది. రామ్‌నాథ్ చోప్రా అధ్యక్షతన వేసిన కమిటీ దేశీయ వైద్యం, పాశ్చాత్య వైద్యం కలిసిపోవాలని 1948లో రాసింది. కొడిశపాల చోప్రాయే ఈయన. కిల్పాకు బడి అప్పటికి కాలేజ్ ఆఫ్ ఇంటిగ్రేటెడ్ మెడిసిన్‌గా పెరిగింది. కానీ అందులో చేరే కుర్రాళ్ల మనసు ఎంత సేపూ ఎం.బి.బి.ఎస్. మీదే. మాకు సగం చదువు చెప్పి సగం జీతం ఇస్తారా అని వాళ్ల గోడు. అటు పండితులేమో, స్టెతస్కోపు తగిలించి ఆయుర్వేదాన్ని మైలపరిచారని. ఇద్దరూ కలిసి నడుమనున్న గోడ కూలగొట్టలేదు, గదినే కూలగొట్టారు. 1960లో ఆ ఆవరణ కిల్పాక్ మెడికల్ కాలేజీ అయిపోయింది. 1963లో వ్యాస్ కమిటీ ఇక శుద్ధ ఆయుర్వేదమే చెప్పాలంది. 1970లో చట్టం వచ్చి ఎవరి కాలేజీ వాళ్లది, ఎవరి రిజిస్టరు వాళ్లది అయింది. యాభై ఏళ్లకు మళ్లీ కథ మొదటికొచ్చింది. 2020 నవంబరులో ఆయుర్వేద శల్య, శాలాక్య తంత్రాల పీజీలు మొత్తం 58 రకాల శస్త్రచికిత్సలు చేయవచ్చని కేంద్రం నోటిఫికేషన్ ఇస్తే, డిసెంబరు 11న ఇంగ్లీషు డాక్టర్లు సమ్మెకు దిగారు.

ఇక చైనా సూదులు. మా గన్నవరం నియోజకవర్గానికి చైనా అంత దూరం కాదు. పుచ్చలపల్లి సుందరయ్య గారిని 1955లో, 1962లో, మళ్లీ 1978లో అసెంబ్లీకి పంపిన నియోజకవర్గమిది. టీకొట్టు బల్లల మీద మావో పేరు వినపడని రోజుండేది కాదు. 1938లో జపాన్ యుద్ధంలో చైనాకు సాయంగా వెళ్లిన అయిదుగురు భారతీయ డాక్టర్లలో కోట్నిస్ అక్కడే 1942లో చనిపోయారు. శాంతారాం తీసిన సినిమాతో ఆ పేరు మన పల్లెలకూ చేరింది. తిరిగొచ్చిన బి.కె. బసు 1950ల చివర మళ్లీ చైనా వెళ్లి, ఆక్యుపంక్చర్ నేర్చుకుని కలకత్తాలో మొదలుపెట్టారు. మన దేశంలో ఈ వైద్యానికి ఆయనే ఆద్యుడు. అమెరికాకు అది తెలిసింది 1971లో. పెకింగులో అపెండిసైటిస్ ఆపరేషన్ చేయించుకున్న రెస్టన్ అనే పత్రికా రచయిత, ఆపరేషన్ తర్వాతి కడుపుబ్బరానికి సూదులు గుచ్చారని న్యూయార్క్ టైమ్స్‌లో రాశాడు. ఈ కథ మన దగ్గరికొచ్చేసరికి ఆపరేషనే సూదులతో చేశారని మారిపోయింది. టీకొట్టులో నేను విన్నది ఆ రెండోదే.

డాక్టరు గారికి దాని మీద పెద్ద గురి లేదు. “మన జనం సూదంటే ప్రాణం ఇస్తారు, మందు లేని సూది అంటే పైసా ఇవ్వరు” అనేవారు. ఈ మాట తప్పయింది. ఇప్పుడు బెజవాడలో ఇస్తున్నారు. నేనూ ఇచ్చాను, మోకాళ్ల కోసం. ఒక్కసారి వాడి పారేసే సూది, వెంట్రుక కంటే కాస్త లావు. సాన పట్టిన నా పాత సూదులు చూసినవాడికి అది సూదిలా అనిపించదు. గుచ్చితే నొప్పి లేదు, లోపల బరువుగా లాగినట్టుంటుంది. చదునునేల మీద నడక తేలికైంది. మెట్లు దిగడం మాత్రం అలాగే ఉంది.

ఇందులో సూది ఎంత, నమ్మకం ఎంత? జర్మనీలో వెయ్యీ నూట అరవైరెండు మంది నడుంనొప్పి రోగుల మీద చూసి 2007లో ప్రకటించారు. సరైన చోట్ల గుచ్చితే 47.6 శాతం మందికి గుణమిచ్చింది. చోటు కాని చోట పైపైన గుచ్చితే 44.2 శాతానికి. మామూలు మందులూ వ్యాయామమూ ఇస్తే 27.4 శాతానికే. చైనా పటాల మీద గీసిన నాడుల దారులు పెద్దగా అక్కర్లేదన్నమాట. అయినా మాత్రల కంటే ఎక్కువ మందికి నొప్పి తగ్గిందన్నమాట. రెండు పక్షాలకూ మింగుడుపడని ఫలితం ఇది. నాకు నచ్చింది అందుకే. బ్రిటన్‌లో ప్రభుత్వ మార్గదర్శకాలు నడుంనొప్పికి దీన్ని 2009లో చేర్చి, 2016లో తీసేసి, 2021లో కారణం తేలని దీర్ఘకాలపు నొప్పికి మళ్లీ చేర్చాయి. మన కేంద్రం 2019లో ఆక్యుపంక్చర్‌ను విడి వైద్యపద్ధతిగా గుర్తించింది.

చైనావాళ్లు ఇంకో పని కూడా చేశారు. పాత వైద్యగ్రంథంలో చలిజ్వరానికి చెప్పిన ఒక మొక్కను తు యుయు అనే ఆవిడ బృందం పట్టుకుంది. మరగబెడితే గుణం పోతోందని గమనించి, తక్కువ వేడి మీద ఈథర్‌తో సారం తీసింది. ఆర్టిమిసినిన్ అలా వచ్చింది, 2015లో నోబెల్ తెచ్చింది. ఈ రోజు మలేరియా ముదిరితే ఆస్పత్రిలో ఇచ్చేది ఆ వంశపు మందే. మన సర్పగంధ కూడా అంతే. 1949లో బొంబాయి డాక్టర్ రుస్తుం వకీల్ రక్తపోటు మీద దాని పనితనాన్ని బ్రిటిష్ హార్ట్ జర్నల్లో లెక్కలతో రాశాకే ప్రపంచం చూపు తిప్పింది. ఇలా లెక్కకు నిలిచినవి ఉన్నట్టే లెక్కలో చంపేవని తేలినవీ ఉన్నాయి. నులిపురుగులకు మన పల్లెల్లో వాడే గాడిదగడపాకు జాతి మొక్కల్లోని ఆసిడ్ మూత్రపిండాల్ని పాడుచేస్తుందని 1990ల్లో బెల్జియంలో బయటపడింది. సన్నబడటానికి మూలికల గుళికలు మింగిన ఆడవాళ్లు డయాలిసిస్ మీదికి వెళ్లారు. కుడి బీరువాలో ఉన్నది కాబట్టి చేటు చేయదనుకోవడం, మా డాక్టరు గారు కూడా నమ్మని మాట.

2005లో గ్రామీణ ఆరోగ్య మిషన్ వచ్చాక ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో ఆయుష్ డాక్టరుకూ ఒక గది ఇచ్చారు. ఒకే వరండా, రెండు గదులు, రెండు ఓపీ చీటీలు. ఈ గదిలో రాసింది ఆ గదికి తెలియదు. బీపీ మాత్ర ఒకచోట, చూర్ణం ఒకచోట తీసుకుని జనం ఇంటికెళ్లి రెండూ ఒకే గ్లాసు నీళ్లతో మింగుతున్నారు. కలయిక అంటూ జరుగుతుంటే అది రోగి కడుపులోనే.

మొన్న మా ఊళ్లో వైద్యశిబిరం పెట్టారు. తెల్లకోటు వేసుకున్న అమ్మాయి, హౌస్ సర్జన్‌ట, నా షుగర్ మాత్రల చీటీ చూసింది. “ఇవి కాక ఇంకేమైనా వాడుతున్నారా తాతగారూ?” అని అడిగింది. ఇన్నేళ్లలో ఏ ఇంగ్లీషు డాక్టరూ నన్నా ప్రశ్న అడగలేదు. పొద్దున్నే తిప్పతీగ కషాయం తాగుతానని చెప్పాను. ఎంత అంది. ఔన్సున్నర, పట్టీ అంటించిన సీసాతో కొలుచుకుంటానని చెప్పాను. అది కూడా షుగర్ దించుతుంది, మాత్రతో కలిస్తే మరీ పడిపోవచ్చు, కాలేయం పరీక్ష కూడా చేయించుకోండి అంది. చీటీ మీద అటూ ఇటూ వెతికి, “ఇది రాయడానికి గడి లేదండీ” అంది.

“అంచు మీద రాయమ్మా” అన్నాను. రాసింది.